ఉత్త తొట్టెల

డ్రైవరు శేఖర్ ఆటో ఇంజను ఆపగానే, అంతదాకా ఆ చప్పుడు కింద అణిగి ఉన్న వాక్యం మార్కండేయులు తలలో మళ్ళీ పైకి తేలింది: నీకు తమ్ముడు లేడు. విశేషణాలు అక్కరలేని వాక్యం. అల్మాస్‌గూడలో ఇంటి గేటు వేసినప్పటి నుంచి ఎల్బీనగర్ చౌరస్తా కనుచూపులోకి వచ్చేదాకా ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తూనే ఉన్నాడు. తమ్ముడు రాలేదంటే పిల్ల ఎప్పుడొస్తాడని అడుగుతుంది. చనిపోయాడంటే, ఊపిరే పీల్చనివాడి విషయంలో ఆ క్రియ వాడవచ్చునా అన్న సందేహం ఆయనకే ఉంది. దేవుడి దగ్గరికి పోయాడనడం భార్య కౌసల్యకు సులువు. తను మాత్రం బడిలో సైన్సు చెప్పినన్నాళ్ళూ ఆదివారాలు ఊళ్ళు తిరిగి, బాణామతి అని వణికిపోయే జనం ముందు నిమ్మకాయలోంచి నెత్తురు రప్పించి, అది నెత్తురు కాదు, కత్తికి పూసిన మందు అని చూపించినవాడు, ఆ మాటను నాలుగేళ్ళ మనవరాలి చేతిలో చాక్లెట్ పెట్టినట్టు పెట్టలేడు. కనుక, నీకు తమ్ముడు లేడు. పక్కనే సహస్ర కాళ్ళు ఊపుతూ, చెప్పులు జారిపోకుండా వేళ్ళు ముడుచుకుంటూ కూర్చుంది. దిల్‌సుఖ్‌నగర్ చేరేలోపు చెప్పాలి. చెప్పానని ఒక్క మాట అంటే అక్కడ అత్తగారింట్లో ఉన్న కూతురు అరుణశ్రీ పిల్లను దగ్గరికి తీసుకుంటుంది. లేకపోతే పిల్లను మళ్ళీ అల్మాస్‌గూడకే తిప్పుకుపోవాలి. “నిజం తప్ప ఇంకోటి మాట్లాడని మనిషివి నువ్వే గద నాయినా, నువ్వే చెప్పు దానికి. ఆ ఆట ఇడిసిపెడితే తోలుకరా. లేకుంటే నాతోని గాదు,” అని పొద్దున ఫోన్‌లో అన్నది. కన్నతల్లి అట్లా షరతు పెట్టిందంటే వినేవాళ్ళు నమ్మరు. ఆయనకూ, ఆ గొంతు వినకపోయి ఉంటే, నమ్మకం కుదిరేది కాదు.

తెలంగాణ కోసం మొదలైన సకల జనుల సమ్మెలో బస్సులు డిపోలు దాటడం మానేసినప్పటి నుంచి మీర్‌పేట్ వైపు జనానికి ఈ సెవెన్ సీటర్ ఆటోలే దిక్కు. ఈ రోజు ఆ దిక్కు కూడా చౌరస్తా దగ్గర మూసుకుపోయింది. ఎక్కినవాళ్ళలో కొందరు డబ్బులిచ్చి దిగి నడిచి వెళ్ళిపోగా, తనూ సహస్రా, ఎదురు సీటులో కూరగాయల సంచి ఒళ్ళో పెట్టుకున్న ఒక పెద్దావిడా మిగిలారు. శేఖర్ ముందుకు పోయి చూసి, మెడలో కండువా సర్దుకుంటూ వచ్చాడు. “అయిపాయె సార్. నడి రోడ్డు మీద వంటా వార్పు. వండి, తిని, బోళ్ళు తోముకున్నంక ఇడుస్తరట.” పెద్దావిడ అప్పుడు మొదటిసారి నోరు విప్పింది. “ఎంతసేపు పట్టొచ్చు బాబూ? చైతన్యపురిలో మా చెల్లెలు కంగారు పడుతూ ఉంటుంది.” ఆ ‘పడుతూ ఉంటుంది’తోనే ఆమె ఎటువైపు మనిషో తెలిసిపోయింది, తెలిసిపోయిందని ఆమెకూ తెలిసి, సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. శేఖర్ నవ్వాడు. “కూర ఏందో అడిగొస్త ఆగమ్మా. పప్పయితే జల్ది అయితది.” ఆమెకు నవ్వాలో వద్దో తెలియక, ఫోన్ తీసి గొంతు బాగా తగ్గించి, “నేనేనే, సుమిత్రమ్మను, ఇక్కడ ఇరుక్కుపోయాను,” అని చెప్పుకుంది. దూరంగా రాళ్ళ పొయ్యిలు పొగలు కక్కుతున్నాయి, డప్పుల దరువు ఆటో రేకును కూడా సన్నగా మోగిస్తున్నది. సహస్ర తల బయటికి పెట్టి చూసింది. “తాతా, వాళ్ళు ఆడుకుంటున్నరా?” “కాదు బిడ్డా, నిజంగనే వండుతున్నరు.” “రోడ్డు మీదనా?” “ఆఁ.” “అయితే ఆడుకుంటున్నట్టే,” అని తేల్చేసి మళ్ళీ కాళ్ళు ఊపసాగింది.

కొట్టిపారేయడానికి వీలైన మాట కాదది. గడప మీద ఇటుక ముక్కలు పేర్చి, మన్ను అన్నమని వడ్డించే పిల్లకూ, లారీలు పోయే రోడ్డును వంటిల్లని ప్రకటించి కూర్చున్న పెద్దలకూ తేడా ఎసట్లో బియ్యం నిజమైనవి కావడం ఒక్కటేనా. ముందున్న మోటారు సైకిలు నెంబరు పలక మీద ఏపీ అన్న అక్షరాలు గీకేసి టీజీ అని రాసి ఉంది. అట్లాంటి రాష్ట్రం ఏ గెజిట్‌లోనూ లేదు. ప్రత్యేక రాష్ట్రం కావాలనడం వేరు, వచ్చినట్టే రాసుకోవడం వేరు, మొదటిది వాదన, రెండోది భ్రమ అని ఆయన మీర్‌పేట్ గ్రంథాలయంలో పేపరు చదివేవాళ్ళతో గట్టిగా వాదించాడు కూడా. ఇప్పుడు ఆ పలకను ఎంతసేపు చూసినా భ్రమ అన్న మాట దానికి అతకడం లేదు. భ్రమలో ఉన్నవాడికి లేదని తెలియదు. ఈ రాసుకున్నవాడికి ఇంకా రాలేదని తెలుసు, తెలిసే రాశాడు, రాలేదు గనకనే రాశాడు. మరి దానికి పేరేమిటి. ఆలోచన అక్కడిదాకా వచ్చి ఏదో తట్టబోతుండగా జేబులో ఫోన్ వణికింది. తీసి చూస్తే అరుణశ్రీ. ఇంకా చెప్పలేదని చెప్పడానికి మనసొప్పక, మోగి మోగి ఆగిపోయేదాకా చేతిలోనే పట్టుకున్నాడు.  

పిల్లలకు ఊహ ఎట్లా వస్తుందో ఆయనకు తెలియనిది కాదు. రిటైరయ్యాక దానిమీద దొరికినవన్నీ చదివాడు. చదివినదాన్ని కళ్ళ ముందు జరగగా చూశాడు. ఏడాదిన్నర వయసులో ఒకరోజు సహస్ర ఉత్త స్టీలు మూతను నోటికి ఆనించుకొని గటగటా తాగి, మూతి తుడుచుకొని, తనవైపు చూసి నవ్వింది. ఆ నవ్వే అసలు సంగతి. అంతదాకా ఉన్నదాన్ని మాత్రమే పట్టుకున్న చేతులు ఆ రోజు లేనిదాన్ని పట్టుకున్నాయి; లేదని నాకు తెలుసు, నీకూ తెలుసు అని ఆ నవ్వు చెప్పింది. రెండేళ్ళకు దువ్వెనను ఒళ్ళో పడుకోబెట్టుకొని అన్నం తినిపించింది. మూడో ఏట పాత్రలు వచ్చాయి: నువ్వు దుకాణపాయనవు, నేను చీర కొననీకొచ్చిన, ఇది వద్దు, వేరేది తియ్యి. ఇప్పుడు వస్తువూ అక్కరలేదు, ఎదుటి మనిషీ అక్కరలేదు, గాలి చాలు. మెట్లన్నీ పుస్తకాల్లో ఉన్న వరుసలోనే ఎక్కింది. కాని ఏ పుస్తకంలోనూ ఏ మెట్టు మీదా పుట్టని తమ్ముడు కూర్చొని లేడు. పోచంపల్లి పక్క ఊళ్ళో తన చిన్నతనంలో నాయన మగ్గం పక్కన తెల్లటి నూలును బిగదీసి కట్టి, సైకిల్ ట్యూబు పట్టీలతో అక్కడక్కడ కట్లు కట్టి రంగులో ముంచేవాడు. కట్టిన చోట రంగు దిగదు, విప్పాక తెల్లగా మిగిలిన ఆ జాగాలే నేతలో ఒకదాని పక్కన ఒకటి చేరి పువ్వవుతాయి. ఏ పువ్వూ కనబడని ఆ ఎర్రటి పోగుల దగ్గర నిలబడి పువ్వెక్కడుందని అడిగితే నాయన తలెత్తకుండా, “కట్టు కింద ఉన్నది. ఇప్పినంక నువ్వే జూస్తవ్,” అనేవాడు. అప్పుడు నమ్మలేదు. నూలు కట్టల్లో వేలు పెట్టి వెతికి, పట్టీ ఒకటి ఊడదీసి దెబ్బలు కూడా తిన్నాడు. ఈ పిల్ల దగ్గర తను ఇవాళ ఊడదీయబోతున్నది ఏమిటి. దాని కింద ఏముందో చూడకుండానే.

చూసే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. కాన్పుకని వచ్చిన అరుణశ్రీ ఎనిమిదో నెలలో ఒక పొద్దున కడుపులో కదలిక లేదన్నది. దవాఖానకు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చి లోపలి గదిలో పడుకుంది. కౌసల్య గేటు దగ్గర నిలబడి, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళనూ ఆపి, “అరుణ ముంగట ఆ ముచ్చట తియ్యకున్రి,” అని చెప్పి గాని లోపలికి పంపలేదు. వచ్చినవాళ్ళు వానల గురించీ సమ్మె గురించీ మాట్లాడి, చాయ్ తాగి, వెళ్ళేటప్పుడు గేటు దగ్గర కళ్ళు తుడుచుకునేవారు. చిన్న పరుపు, బొంతలు అటక ఎక్కాయి. సహస్రను కూర్చోబెట్టి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడం అబద్ధం కాదు గనక తర్కానికి లోటు రాలేదని మార్కండేయులూ ఊరుకున్నాడు. ఒక మధ్యాహ్నం పిల్ల అమ్మమ్మ పాత చీర తెచ్చి రెండు కిటికీల చువ్వలకు కొసలు ముడేయమంటే, చేతిలో పేపరు పక్కన పెట్టి ముడేశాడు. ఏం ఆట అని కూడా అడగలేదు. తొట్టెల అయింది. పిల్ల ఊపింది. పండుకో తమ్మీ అన్నది, పాలు తాగినవు గద ఇంకేం గావాలె అన్నది, తనకు వచ్చిన జోలపాట వచ్చినంతవరకు పాడింది. కౌసల్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, “ఉత్త తొట్టెల ఊపొద్దే, మంచిది గాదు,” అని చీర గుంజింది. గుడ్డ ముక్క ఊగితే ఎవరికేమవుతుంది, అది లోలకం, లోలకానికి మంచీ చెడూ ఉండవు అని తను కుర్చీలోంచి అందుకున్నాడు. నీ సైన్సు నీ దగ్గర పెట్టుకో అని ఆమె, నీ మూఢత్వం పిల్లకు నేర్పకు అని తను. ఆ వాదం ఎంతసేపు నడిచిందో గాని, గది తలుపు తెరుచుకున్నది ఇద్దరూ గమనించలేదు. అరుణశ్రీ గడపలో నిలబడి తొట్టెలనే చూస్తున్నది. ముఖంలో ఏమీ లేదు, కన్నీరు కూడా లేదు. సాయంత్రానికి అల్లుడు శ్రవణ్‌కుమార్ బండి మీద వచ్చి ఆమెను తీసుకుపోయాడు. పిల్లను నాలుగు రోజులు ఉంచుకోండి అన్నాడు, చెప్పుల వైపు చూస్తూ. ఆ నాలుగు రోజులు ఎప్పుడో దాటిపోయాయి.

“తాతా, తువ్వాలియ్యి.” భుజం మీది తువ్వాలను అడిగి కాదు, లాగే తీసుకుంది. ఒక కొసను డ్రైవరు సీటు వెనక కడ్డీకి చుట్టి, రెండో కొస ఆయన చేతిలో పెట్టింది. “గట్టిగ పట్టుకో. ఇడువకు.” ఆయన పట్టుకున్నాడు. నడుమ వేలాడిన గుడ్డను పిల్ల రెండు వేళ్ళతో మెల్లగా ఊపింది. చెప్పవలసిన సమయం ఇదే. వాక్యం నాలుక మీదికి వచ్చి కూర్చుంది. కాని చేతులు మాత్రం తువ్వాలను సరైన వంపులో పట్టుకోవడానికి తంటాలు పడుతున్నాయి, ఒక చేత్తో తొట్టెలను పట్టుకొని తొట్టెలలో ఎవడూ లేడని ఎట్లా చెప్పడం. డప్పులు ఆగి, ఎవరో మైకులో గొంతు సవరించుకుంటున్నారు. ఎదురు సీటులోంచి సుమిత్రమ్మ చాలాసేపు చూసి, ఉండబట్టలేక అన్నది, “ఖాళీ ఉయ్యాల ఊపకూడదమ్మా.” మార్కండేయులుకు ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది. నీళ్ళ దగ్గర, కొలువుల దగ్గర, చివరికి మాట దగ్గర కూడా కుదరని ఏకాభిప్రాయం రెండు వైపులకూ ఇక్కడ కుదిరింది. ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. “మా వైపు పిల్లాణ్ణి వేసేముందు రుబ్బురోలు పొత్రాన్ని పడుకోబెడతారు. ఇదిగో, దీన్ని పడుకోబెట్టుకో తల్లీ,” అని లేత ఆనపకాయ ఒకటి తీసి తువ్వాల్లో పెట్టింది. సహస్ర ఊపడం ఆపింది. “గిది సొరకాయ.” “సొరకాయేలే. బుజ్జి బాబులా లేదూ?” “లేదు.” రెండు చేతులతో దాన్ని ఎత్తి, జాగ్రత్తగా ఆమె ఒళ్ళో పెట్టేసి, తెలియనివాళ్ళకు ఓపికగా చెప్పినట్టు చెప్పింది. “దీంట్ల ఎవ్వలు పండరు. మా తమ్ముడు లేడు. ఉత్తగనే ఊపుతున్న.”

తను పొద్దుటి నుంచీ కూడబలుక్కున్న వాక్యం ఆ చిన్న నోట ఏ ప్రయాసా లేకుండా, ఏ పదమూ తొణకకుండా వచ్చింది. తువ్వాలు చేతిలోంచి జారబోతే గట్టిగా పట్టుకున్నాడు. “నీకు ఎవలు చెప్పిన్రు బిడ్డా?” “ఎవ్వలు చెప్పలే. అమ్మ దవాఖానకెంచి ఉత్త చేతుల్తోని ఒచ్చింది గద. కడుపు గూడ చిన్నగైంది.” “మరి తెలిసి ఎందుకు ఊపుతున్నవ్?” పిల్ల సుమిత్రమ్మ వైపు ఒకసారి చూసి, సీటు మీద మోకాళ్ళు వేసి లేచి, ఆయన చెవికి నోరు ఆనించింది. బెల్లం వాసన వేసే ఊపిరి. “అమ్మకు తెల్వదు తాతా.” “ఏం తెల్వదు?” “తమ్ముడు లేడని. అమ్మమ్మ అందరికి చెప్పింది, అరుణ ముంగట ఆ ముచ్చట తియ్యొద్దని. ఎవ్వలు చెప్పలే అమ్మకు. నువ్వు గూడ చెప్పకు, ఏడుస్తది.”

మైకులో ఉపన్యాసం మొదలైంది, ఏదో జరుగుతున్నది, ఏదీ ఆయనకు వినబడలేదు. వంటింటి అరలో రెండు డబ్బాలు పెట్టి సహస్ర మీద తను చేసిన పరీక్ష ఒకటి అప్పుడు గుర్తుకొచ్చింది. అమ్మమ్మ గోలీని ఎర్ర డబ్బాలో పెట్టి బయటికి పోయింది, మనం దాన్ని తెల్ల డబ్బాలోకి మార్చాం, అమ్మమ్మ వచ్చి ఎక్కడ వెతుకుతుంది? మూడో ఏట తెల్ల డబ్బాలో అన్నది. తనకు తెలిసింది లోకమంతటికీ తెలుసుననుకునే వయసు. నాలుగు నిండాక ఎర్ర డబ్బాలో అన్నది, “అమ్మమ్మకు ఎరకలేదు గద” అని నవ్వింది. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవచ్చునని మనిషికి బోధపడే ఆ ఘట్టం చూసి ఆయన పొంగిపోయాడు, పరీక్ష నెగ్గిందని అందరికీ చెప్పుకున్నాడు. నేర్చుకున్నదాన్ని పిల్ల ఊరికే పెట్టుకోలేదు. గేటు దగ్గర అమ్మమ్మ అందరి నోళ్ళూ మూయడం చూసింది, లోపలి గదిలో తల్లి ఏడవకుండా పడుకొని ఉండడం చూసింది, రెంటినీ కలిపి, ఇంట్లో అందరికీ తెలిసి ఒక్క అమ్మకే తెలియదని లెక్క కట్టింది; తెలియని మనిషికి వినబడేటట్టు, గది తలుపు పక్కనే, తమ్ముణ్ణి నిద్రపుచ్చింది. లెక్కలో తప్పు లేదు. తప్పు తాము ఇచ్చిన అంకెల్లో ఉంది. ఆమె దుఃఖానికి అడ్డంగా పెద్దలు మౌనాన్ని పెట్టారు, పిల్ల తొట్టెలను పెట్టింది, అంతే తేడా. పిల్లదానికి కనీసం జోలపాట ఉంది. “అమ్మకు తెల్సు బిడ్డా,” అన్నాడు. సహస్ర తల అడ్డంగా ఊపింది. “తెల్వదు. తెలిస్తే ఏడుస్తుండె గద.”

ఫోన్ మళ్ళీ వణికింది. ఈసారి ఎత్తాడు.

“చెప్పినవా నాయినా?”

“చెప్పే పని పడలే. దానికి మొదటిసంది ఎరకనే.”

“ఎరకుండి ఎందుకు ఊపుతదట? నన్ను సంపనీకనా?”

“నీకు ఎవ్వలు చెప్పలేదనుకుంటున్నదే అరుణా. నీకు తెల్వొద్దని ఊపుతున్నది. తెలిస్తే ఏడుస్తవని.”

  “ఫోన్ దానికియ్యి,” అన్నది అరుణశ్రీ.

సహస్ర ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. “అమ్మా. ఆటోల. తాత పక్కన.” తర్వాత వినడమే. కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి. “నీకు ఎరకేనా?” అన్నది. “ఎప్పటిసంది?” అన్నది. మళ్ళీ చాలాసేపు వింది. “ఏడ్సినవా? నాకు కనవడకుండనా? బాత్రూమ్లనా?” సుమిత్రమ్మ కిటికీ లేని ఆ ఆటోలో ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియక ఒళ్ళోని ఆనపకాయను నిమురుతున్నది. ముందు సీటులో శేఖర్ వీపు కదలడం లేదు. “నేనా?” అన్నది పిల్ల. “నేను ఏడ్వలే అమ్మా. నేను ఊపిన.”

ఆ మాట అన్నాక పెదవి వంకర తిరిగింది. ఇన్నాళ్ళూ అది ఎక్కడ ఉందో, ఒక్కసారిగా మీదికి వచ్చింది. ఫోన్ ఒళ్ళో పడేసి, నోరు పూర్తిగా తెరిచి, నాలుగేళ్ళ పిల్ల ఏడవవలసిన తీరులో ఏడ్చింది. మార్కండేయులు ఫోన్ తీసి చెవికి పెట్టుకుంటే అక్కడా అదే. రెండు చెవుల్లో రెండు ఏడుపులు. సముదాయించడానికి ఆయన దగ్గర కారణాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. ఒక్కటీ బయటికి తీయలేదు. కొంతసేపటికి అరుణశ్రీ గొంతు తేరుకొని, “ఆడనే ఉండు నాయినా. నేనే ఒస్తున్న,” అన్నది. “బండ్లు నడుస్తలేవు బిడ్డా, రోడ్డంత బంద్.” “నాకు కాళ్ళున్నయి,” అని పెట్టేసింది.

ఉండలేకపోయాడు. శేఖర్ చేతిలో కిరాయి పెట్టబోతే అతను తీసుకోలేదు, “మధ్యలనే దించిన గద సార్, ఏం కిరాయి. పాపను పైలంగ తీస్కపో,” అన్నాడు. పిల్లను చంకనెత్తుకొని దిగాడు. చంకకెత్తుకునే బరువు ఎప్పుడో దాటిపోయింది, అయినా దించబుద్ధి కాలేదు. అన్నాలు వడ్డిస్తున్న బంతుల మధ్య నుంచి, ఎవరో చేయి పట్టి ఆపి తినిపొమ్మంటే తల ఊపి తప్పించుకొని, చౌరస్తా దాటాడు. అటువైపు కొత్తపేట దాకా బండి అన్నది లేని రోడ్డు ఎండలో తెల్లగా, ఎన్నడూ చూడనంత వెడల్పుగా పడి ఉంది. పనుల నుంచి ఇళ్ళకు నడిచిపోతున్న జనం ఇద్దరు ముగ్గురుగా ఎదురొస్తున్నారు. వెక్కిళ్ళ మధ్య సహస్ర మెడ సాచి చూస్తున్నది. “గామెనా?” “కాదు.” “గా గొడుగామె?” “కాదు బిడ్డా, ఆమె పెద్దామె.” ప్రతిసారీ కళ్ళు చికిలించి, నడకను చూసి, ఎత్తును చూసి, రూఢి చేసుకున్నాకే జవాబు చెబుతున్నాడు. చాలా దూరాన, రోడ్డు ఎండలో కరిగినట్టు కనిపించే చోట, ఒక మనిషి వేగంగా వస్తున్నట్టుంది. ఆడో మగో తెలియదు, చీర రంగు తెలియదు.

“అమ్మనేనా తాతా?”

“అమ్మనే,” అన్నాడు.